కల్పాక్కం పాత రియాక్టర్లకు గడువు పెంచితే పక్కన ఉండేవాళ్లకు ఏమిటి?

కొర్లగుంట అమ్మ:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అమ్మాయి, అల్లుడు తమిళనాడులో కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం పక్కన పుదుపట్టినంలో అద్దెకుంటారు. అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల గర్భం. అక్కడి మొదటి రియాక్టర్ 1984లో, రెండోది 1986లో వాణిజ్యపరంగా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి. మొదటిది 2018 జనవరిలో ఆగాక ఏళ్ల తరబడి నడవలేదు. నలభై ఏళ్ల యంత్రాన్ని గడువు పెంచి ఇంకా నడపొచ్చా? రాత్రిళ్లు ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

చంద్రగిరి రిటైర్డ్:
చెల్లెమ్మా, నేను ఇలాంటి రియాక్టర్ల మెయింటెనెన్స్‌లోనే రిటైరయ్యాను. ఏళ్లు ఒక్కటే లెక్కేస్తే సరిపోదు, ఏం మార్చారో చూడాలి. ఈ రకంలో ఇంధనం, అంటే యురేనియం కట్టలు, 306 గొట్టాల్లో ఉంటాయి. మొదట వేసిన జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రలోహం) గొట్టాలు రేడియేషన్‌కి సాగి కిందికి వంగేవి, హైడ్రోజన్ పట్టి పెళుసెక్కేవి. 2002 తర్వాత రెండు యూనిట్లలోనూ అన్నీ పీకి, నియోబియం అనే లోహం కలిపిన కొత్తవి వేశారు. తారాపూర్‌లో 1969 నాటి రెండు రియాక్టర్లు వేరే రకం. వాటిలో ఇంధనమంతా ఉండే పెద్ద ఉక్కు పాత్ర న్యూట్రాన్లు తగిలి తగిలి పెళుసెక్కితే, గొట్టాల్లా మార్చేయడం కుదరదు. కల్పాక్కంలో నాకు దిగులల్లా కంటికి కనపడని వాటి గురించే. గోడల్లోంచి పోయే కేబుళ్లు, ఉప్పుగాలి తిన్న కాంక్రీటు, సముద్రపు నీళ్ల పైపులు.

చిత్తూరు కుర్రాడు:
సార్ చెప్పింది నిజమే. కానీ జపాన్‌లో ఫుకుషిమా అణుకేంద్రం మొదటి యూనిట్‌కి నలభై ఏళ్లు నిండుతున్నాయని 2011 ఫిబ్రవరిలో ఇంకో పదేళ్లు అనుమతిచ్చారు. మరుసటి నెల 11న సునామీ నీళ్లు, రియాక్టర్‌ని చల్లబరచడానికి కరెంటిచ్చే డీజిల్ జనరేటర్లను ముంచేశాయి. యంత్రం బాగుంటే చాలదక్కా, అలని ఎంత ఎత్తుకి లెక్కేశారో కూడా అడగాలి. ఇంకొకటి, పదేళ్లు ఎక్కువ నడిస్తే పదేళ్ల వాడేసిన ఇంధనం కూడా ఎక్కువే కదా. దాని సంగతి ఎవరూ ఎత్తరు, నాకు అదే బాధ.

చంద్రగిరి రిటైర్డ్:
బాబూ, మంచి మాట అడిగావు. 2004 డిసెంబర్ 26న కల్పాక్కం పంప్‌హౌస్‌లోకీ సముద్రం వచ్చింది. నడుస్తున్న రెండో యూనిట్‌ని క్షేమంగా ఆపారు. అంతమాత్రాన ఇక చూడక్కర్లేదని కాదు. అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఒకసారికి ఐదేళ్లకు మించి ఇవ్వదు, పదేళ్లకోసారి మొత్తం సమీక్ష జరగాలి. ఆ సమీక్షలో ఏం తేలిందో మామూలు మనుషులకు అర్థమయ్యే తమిళంలో చుట్టుపక్కల ఊళ్లకు చెప్పాలి. నేను సర్వీసులో ఉన్నప్పుడూ ఇదే అడిగాను.

చెల్లెమ్మా, ప్లాంటు చుట్టూ 16 కిలోమీటర్లు ఎమర్జెన్సీ ప్లాన్ పరిధి. పుదుపట్టినం అందులోనే ఉంది. సైరన్ మోగితే ఇంట్లోనే తలుపులు మూసుకుని ఉండాలా, ఏ బడి దగ్గరికి రావాలి, థైరాయిడ్‌ని రేడియేషన్ నుంచి కాపాడే అయోడిన్ మాత్రలు ఎవరిస్తారు? ఈ మూడూ పంచాయతీలో అడిగి రాసుకోమని అమ్మాయికి చెప్పు.

కొర్లగుంట అమ్మ:
అమ్మాయికి ఫోన్ చేశాను సార్. మూడింటిలో ఒక్కటీ తెలియదంది, పక్కింటివాళ్లకీ తెలియదట. ఆదివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌కి నేనే వెళ్తున్నాను. పంచాయతీ ఆఫీసు సోమవారం తెరుస్తారు, అడిగే వస్తాను.