‘ఇగ్రీజస్’ తిట్టా, బిరుదా?

ప్రశ్న (ప్రతిపదార్థం):

అనువాదాలు చేసుకొని బతికేవాణ్ని. ఒప్పందాలు, యంత్రాల వాడకపు పుస్తకాలు, ఏది వస్తే అది చేస్తాను. పోయిన వారం ఒక ఇంగ్లీషు పత్రాన్ని తెలుగు చేసి పంపితే, సరిచూసే ఆయన ఒకచోట ఎర్రగీత గీసి పక్కన ‘ఇగ్రీజస్ ఎర్రర్’ అని రాసి తిప్పి పంపారు. నిఘంటువు తీశాను. ‘మహా ఘోరమైన, దారుణమైన’ అని ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. తప్పులు దొర్లాయి, కాదనను. కానీ దారుణం చేశానని ఎవరూ అనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు రోజులు తిరగకుండానే ఇటలీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాళ్ల యంత్రం పుస్తకం ఒకటి నా చేతిలో ఉంది. ఉత్తరంలో మొదటి మాటే ‘ఎగ్రేజో’! ఇటాలియన్ నాకు రాదు గానీ అక్షరాల పోలిక తెలుస్తుంది కదా. నా తప్పు సంగతి అంత దూరం పాకిందా అని గుండె గుభేలుమంది. ఆ భాష తెలిసిన మిత్రుణ్ని అడిగితే పగలబడి నవ్వాడు. అది మన ‘మహారాజశ్రీ’ లాంటి సంబోధనట.

ఈ రెండూ ఒకటేనా? ఒకటే అయితే ఒకచోట దండ, ఇంకోచోట దండన ఎలా అయింది? తెలుగులో దీన్ని ఏమనాలి?

జవాబు (అటక మీది పుస్తకం):

ఒకటేనండీ. రెండింటికీ మూలం లాటిన్‌లోని ‘ఎగ్రేగియుస్’. అందులో ‘గ్రెక్స్’ అంటే మంద. ‘ఎక్స్’ అంటే బయటికి. మందలోంచి విడిగా ఏరి నిలబెట్టినది అని అర్థం. ఎవరైనా మందలోంచి ఏరేది మేలైన పశువునే కాబట్టి, రోమన్లకు ఇది నిఖార్సయిన పొగడ్త. ఇదే మంద అగ్రిగేట్, సెగ్రిగేట్, కాంగ్రిగేషన్‌లలోనూ ఉంది. ఒకటి మందలో చేర్చేది, ఒకటి వేరు చేసేది, ఇంకొకటి మందగా కూడినది. నలుగురిలో కలిసిపోయే మనిషిని గ్రిగేరియస్ అంటారే, ఆయనా ఈ మందలోవాడే.

పదహారో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా ఇది మంచిమాటే. 1590లో అచ్చయిన మార్లో నాటకం ‘టాంబర్లేన్’ రెండో భాగంలో ఒక రాజు తన సామంతులను సగౌరవంగా ‘ఇగ్రీజస్’ అని పిలుస్తాడు. షేక్‌స్పియర్ దగ్గరికి వచ్చేసరికి మాట ఒరగడం కనిపిస్తుంది. ‘ఐదో హెన్రీ’లో పిస్టల్ అనే బడాయికోరు ఒక ఫ్రెంచి సైనికుణ్ని పట్టుకొని ‘ఇగ్రీజస్’ విడుదల సొమ్ము కావాలంటాడు. అక్కడ అర్థం ‘భారీ’ అని, మంచీ లేదు చెడూ లేదు. తర్వాతి కాలపు ‘సింబెలీన్’లో పోస్ట్యుమస్, భార్యను చంపించానన్న భ్రమలో కుమిలిపోతూ, తనను తానే ‘ఇగ్రీజస్ హంతకుణ్ని’ అని తిట్టుకుంటాడు.

తిట్టుగా మారడానికి వ్యంగ్యమే కారణమై ఉంటుందని నిఘంటుకారుల ఊహ. ‘అబ్బో, గొప్ప పండితుడివే!’ అని పదే పదే వెటకరిస్తే చివరికి వెటకారమే మిగులుతుంది. ఆ వెటకారం అంటనిచోట మాట చెక్కుచెదరలేదు. ఇటాలియన్, స్పానిష్‌లలో ఇంకా గౌరవవాచకమే. బ్రెజిల్ న్యాయవాదులు తమ పిటిషన్లలో పై న్యాయస్థానాన్ని ‘ఎగ్రేజియు’ అని సంబోధిస్తారు. అదే మాట ఇంగ్లీషు న్యాయవాది నోట వస్తే, ఎవరో నిలువునా దొరికిపోయారని అర్థం.

ఇక మీ నిఘంటువు చెప్పనిది ఒకటుంది. ఇంగ్లీషులో తిట్టుగా మారినా, మందలోంచి విడిగా కనబడడం అనే పాత గుణం ఈ మాటను వదలలేదు. ఎంత పెద్ద తప్పయినా, ఎక్కడో అడుగున దాక్కొని ఉంటే దాన్ని ఇగ్రీజస్ అనడం అంతగా అతకదు. చూసిన ప్రతివాడికీ కనబడాలి, ‘ఇది ఎలా చేశావయ్యా’ అనిపించాలి. అందుకే తప్పు, ఉల్లంఘన, అధికార దుర్వినియోగం వంటి మాటల పక్కన ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వాన బాగా పడిందని వాతావరణాన్ని ఇగ్రీజస్ అనరు.

తెలుగులో ‘ఘోరమైన’ కన్నా ‘కొట్టొచ్చినట్టు కనబడే’ దగ్గరగా ఉంటుంది. ఇంతకీ మీ తప్పు ఎక్కడ దొర్లింది? పాఠం మధ్యలోనా?

జవాబు (కామా):

పై జవాబు చదవడానికి బాగుంది గానీ, ధాతువు చూసి అర్థం తేల్చడం నాకు నచ్చదు. ‘ఆఫుల్’ ఒకప్పుడు భక్తితో కూడిన భయాన్ని చెప్పేది. ఇప్పుడు ఆ భక్తి ఎక్కడుంది? ‘టెరిబుల్’, ‘టెరిఫిక్’ రెండూ భయపెట్టడం అనే ఒకే లాటిన్ క్రియ పిల్లలు. ఒకటి చెడిపోయింది, ఇంకొకటి బాగుపడింది. ‘అవుట్‌రేజస్’లో ఇంగ్లీషువాళ్లకే ‘అవుట్’, ‘రేజ్’ కనబడతాయి, నిజానికి ఆ రెండూ అందులో లేవు. హద్దు దాటడమనే అర్థంతో ఫ్రెంచి నుంచి వచ్చిన మాట అది. చాలామంది ఇగ్రీజస్‌ను ఉత్త ‘చాలా చెడ్డ’ అనే అర్థంలోనే వాడేస్తున్నారు. ఆ సరిచూసినాయన గ్రెక్స్‌నూ మందనూ తలచుకొని రాశాడంటారా?

జవాబు (ఇసుక గడియారం):

తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ‘ప్రబుద్ధుడు’ అంటే మేల్కొన్నవాడు, జ్ఞాని. ఇవాళ ఎవరినైనా అలా పిలిచి చూడండి! ‘ఘనకార్యం’ సంగతి చెప్పనక్కరలేదు. భాగవతం ఆడేవారు, అది ‘భాగోతం’ అయి బయటపడడం మొదలుపెట్టింది. మీ ఇటాలియన్ ఉత్తరానికి సరైన జోడీ మాత్రం ‘కంపు’. మనకు ముక్కు మూసుకోవాల్సినది, కన్నడంలో పరిమళం. కన్నడిగుడు ‘ఏమి కంపు!’ అని మెచ్చుకుంటే కోపం తెచ్చుకోకండి.

ప్రతిపదార్థం:

అటక గారూ, చెప్పడానికి సిగ్గుగా ఉంది. తప్పు పాఠం మధ్యలో కాదు, అట్ట మీద. ‘అనుమతి లేనిదే తెరవరాదు’ అని ఉండాల్సినచోట ‘అనుమతి లేకుండా తెరవవచ్చు’ అని రాశాను. అక్షరాలు కూడా బొటనవేలంత. లోపలి నూట నలభై పేజీలూ మూడుసార్లు చూసుకున్నాను, అట్ట మాత్రం చూడలేదు.

కామా గారూ, ఆయన మందను తలచుకున్నారో లేదో గానీ మాట మాత్రం అతికినట్టు సరిపోయింది. కోపం పోయింది, సిగ్గు మిగిలింది. ఇటలీవారికి జవాబు రాయాలి. నేనూ ‘ఎగ్రేజో’ అని మొదలుపెట్టవచ్చా? సంతకం చేసినది ఒక మహిళ.

అటక మీది పుస్తకం:

స్త్రీలకు ‘ఎగ్రేజా’ అవుతుంది. కానీ ఆడవారికి రాసేటప్పుడు ‘జెంతీలే’ అనడమే ఎక్కువ వాడుక. అదే రాయండి. పంపే ముందు కవరు మీది చిరునామా కూడా ఒకసారి చూసుకోండి.