బంగ్లాదేశ్‌తో స్నేహం వల్ల మన జాలర్లకు ఏమైనా ఒరిగిందా?

అలలఊరు:
టీవీ పెడితే ఒకటే చర్చ, బంగ్లాదేశ్‌తో స్నేహం చెడింది, మళ్లీ కలుపుకోవాలా వద్దా అని. స్నేహం బాగున్న రోజుల్లో మాకు ఏం ఒరిగిందో ఎవరైనా చెప్పండి. నాది శ్రీకాకుళం తీరం. ఇక్కడ వేట గిట్టుబాటు కాక మావాళ్లు గుజరాత్‌లోని వెరావల్, ఒడిశాలోని పారాదీప్ వెళ్లి బోట్ల మీద కళాసీలుగా, అంటే కూలీలుగా చేస్తారు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్‌కు చిక్కితే, 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇంటికి రాలేదు. సరే, ఆ దేశంతో మనకు పడదు. మిత్రదేశం అని చెప్పుకున్న బంగ్లాదేశ్ కూడా సముద్రంలో సరిహద్దు గీత దాటితే బోటు పట్టుకుని జైల్లోనే పెడుతోంది కదా. ఇంక తేడా ఎక్కడ?

పాతమాస్టారు:
తేడా ఉంది బాబూ. విజయనగరంలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను, కొంచెం ఓపిగ్గా చదువు. 1972 మార్చిలో ఆ దేశంతో 25 ఏళ్లకు స్నేహ ఒప్పందం రాసుకున్నాం. 1996లో గంగ నీళ్లు పంచుకోవడానికి 30 ఏళ్లకు ఇంకొకటి. 2015 జులై 31 అర్ధరాత్రి, వాళ్ల నేల మధ్య చిక్కుకున్న మన భూమి ముక్కలు 111, మన నేల మధ్య ఉన్న వాళ్లవి 51 మార్చేసుకున్నాం. అక్కడి మనుషులు అంతవరకూ ఏ దేశానికీ సరిగ్గా చెందకుండా బతికారు. మన సాలూరు పైన కొటియా పల్లెల తగువు ఒడిశాతో ఇంకా నలుగుతూనే ఉంది, ఒకే దేశంలో ఉండి కూడా. వంశధార నీళ్ల కోసం ట్రిబ్యునల్ మెట్లెక్కాం. రెండు దేశాలు తుపాకీ ఎత్తకుండా 162 ముక్కల లెక్క తేల్చుకోవడం చిన్న విషయమా?

కోటజంక్షన్:
భూమి సంగతి సరే, సముద్రం ఏం చేశారు? 2014లో తగువున్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకు ఇచ్చేశారు.

పాతమాస్టారు:
ఇచ్చింది మనం కాదు, మధ్యవర్తుల ట్రిబ్యునల్. మనం తీర్పుకు ఒప్పుకున్నాం.

కోటజంక్షన్:
పోయింది పోయినట్టే కదా మాస్టారూ. ఇచ్చాం అన్నా, ఒప్పుకున్నాం అన్నా 19,467.

అలలఊరు:
ఆ కిలోమీటర్లు పక్కన పెట్టండి దయచేసి. మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు, నాకు అన్న. ఇలస చేప కోసం ఉత్తరంగా వెళ్లిన బోటులో వల లాగే పని. రాత్రి ఇంజిన్ ఆగిపోయింది, తెల్లారేసరికి వాళ్ల నేవీ వచ్చి పట్టుకుంది. ఐదు నెలలు. మా వదిన ఒక ఆఫీసుకు వెళ్తే, అతను ఈ ఊరివాడే అని కాగితం తెమ్మన్నారు. తెస్తే ఇంకో కాగితం. ఆ ఐదు నెలలూ ఇల్లు గడిచింది వడ్డీ డబ్బు మీద, ఆ అప్పు ఇంకా తీరలేదు. మీరు చెప్పిన ఒప్పందాల్లో ఏది తీసుకెళ్లి ఆవిడ ఏ బల్ల మీద పెట్టాలి?

నాగావళి_గట్టు:
మా మేనమామ ఇంట్లోనూ ఇదే. ఫోన్ మోగితే గుండె జారిపోయేది.

పాతమాస్టారు:
ఆ కష్టాన్ని నేను కాదనను. కానీ 2025 జనవరి 5న సముద్రం మీద రెండు కోస్ట్ గార్డులూ ఎదురై మనవాళ్లు 95 మందిని, వాళ్లవాళ్లు 90 మందిని మార్చుకున్నాయి. ఢిల్లీకీ ఢాకాకీ మాట సరిగ్గా లేని రోజులవి. ఏళ్ల తరబడి వేసుకున్న దారి ఉంది కాబట్టే అది జరిగింది.

అలలఊరు:
మాట చెడ్డాక కూడా 95 మంది వచ్చారంటే స్నేహం వల్ల వచ్చినట్టా? నా మాటే మీరు చెప్తున్నారు.

పాతమాస్టారు:
తొందరపడకు. మనకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. వాళ్లది మే 20 నుంచి జులై 23 దాకా ఉండేది. వాళ్లు వలలు ఒడ్డుకు చేర్చి కూర్చున్న నెలలో మన బోట్లు నీళ్లలో ఉంటే వాళ్ల కడుపు మండదా? 2025లో దాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కి మార్చుకున్నారు. తగువుకు ఒక కారణం తగ్గింది. ఇంకొక మాట, నీకు నచ్చకపోవచ్చు. గీత దాటడం తప్పే. బోటులో జీపీఎస్ ఉంటుంది.

అలలఊరు:
జీపీఎస్ చూసేది బోటు నడిపే సరంగు. ఎటు వెళ్లాలో చెప్పేది యజమాని, ఆయన ఒడ్డున ఉంటాడు. వల లాగేవాడికి జైలు! తప్పు అని అంత తేలిగ్గా అనేశారు, మీ ఇంట్లో ఎవరైనా వెళ్లారా?

సరుగుడుతోట:
ఇద్దరూ కాస్త తగ్గండి. మన జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. సరైన జెట్టీ ఇక్కడే ఉంటే ఆ అబ్బాయి పారాదీప్ ఎందుకు వెళ్తాడు?

పాతమాస్టారు:
మా ఇంట్లో వెళ్లారు బాబూ. మా నాన్నగారు 1971 యుద్ధానికి తూర్పు వైపు వెళ్లి కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకుని వచ్చారు. చివరిదాకా ఎడమచేత్తోనే అన్నం తిన్నారు. ఆ దేశంతో స్నేహం వద్దు అని ఎవరన్నా నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది. అందుకే గట్టిగా మాట్లాడాను. ఇప్పుడు నువ్వు ఒక్కదానికి జవాబు చెప్పు. వాళ్ల బోటు మన నీళ్లలోకి వస్తే వదిలేయమంటావా?

అలలఊరు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. నాన్నగారి సంగతి తెలియక అన్నాను, ఏమీ అనుకోవద్దు. మీ ప్రశ్నకు జవాబు: వదిలేయమంటాను. పట్టుకున్న చోటే కోస్ట్ గార్డుకు అప్పగించి వెనక్కి పంపాలి, రెండు వైపులా. అరెస్టే వద్దు. మా పేటలో సగం మంది దీనికి ఒప్పుకోరని కూడా తెలుసు, వాళ్ల ట్రాలర్లు వస్తే మన చేపలు పోతాయంటారు.

పాతమాస్టారు:
నేనూ ఒప్పుకోను. కేసు ఉండాలి, గడువూ ఉండాలి. పాకిస్తాన్‌తోనే 2008లో ఒప్పందం ఉంది, ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు. శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో తేలాక నెల లోపు పంపేయాలని రాసుకున్నారు. బంగ్లాదేశ్‌తోనూ అలాంటి గడువు గట్టిగా అడుగుదాం.

అలలఊరు:
ఆ ఒప్పందం ఉండగానే మనవాళ్లు 2018 నుంచి 2020 దాకా లోపల ఉన్నారు మాస్టారూ. ఏ దేశస్థుడో తేలడానికే నెలలు పడుతుంది. మా వదిన తిరిగింది ఆ కాగితం కోసమే. ఒకసారి కేసు పెట్టాక గడువు ఎవరు చూస్తారు?

నాగావళి_గట్టు:
తమ్ముడూ, మీ అన్న వచ్చేశాడు సరే. బోటు తిరిగి ఇచ్చారా?

అలలఊరు:
లేదు అన్నయ్యా. బోటు అక్కడే ఉంది.