ఉద్దానానికి నల్గొండ దారి సరిపోతుందా?

మర్రిగూడ వాసి:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల మాట వచ్చినప్పుడల్లా "కారణం ఇంకా తేలలేదు" అంటూ ఏళ్లు గడిపేస్తున్నారు. మా నల్గొండను చూడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, మా వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లే తాగి పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకర్లు పోయాయి, నడుములు వంగిపోయాయి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల్లో ఆ వంకర్లు కనపడటం లేదు. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రమే చెప్పింది. ఉద్దానానికీ హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ఉంది. ప్రతి ఇంటికీ ఆ నీళ్లు అందిస్తే జబ్బు తగ్గుతుందని నా నమ్మకం. ఇంకా ఏ పరిశోధన కోసం ఆగాలి?

కవిటి కోడలు:
అన్నా, నీళ్లు రావాలి. అందులో గొడవ లేదు. కానీ నల్గొండ లెక్క ఇక్కడ వేస్తే మోసపోతాం.

మీ ఫ్లోరైడ్ జబ్బుకు, అంటే ఫ్లోరోసిస్‌కు, కారణం మన దగ్గర 1937లోనే తెలిసింది, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. రాతి పొరల్లోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు మానేస్తే కొత్త జబ్బు ఆగుతుంది. ఏ బోరు మంచిదో ఏది కాదో ఒక్క నీటి పరీక్షతో చెప్పేయొచ్చు. ఉద్దానంలో అలాంటి పరీక్ష ఏదీ లేదు. సిలికా అన్నారు, సీసం, కాడ్మియం అన్నారు, పురుగుమందులు అన్నారు. ఏదీ ఖాయంగా తేలలేదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పోతున్నాయి. 2019లో వచ్చిన ఒక అధ్యయనం పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు ఉందని తేల్చింది. శ్రీలంకలో అనురాధపుర వైపు వరి రైతుల్లో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. ఆ చెరకు కూలీల విషయంలో గట్టి అనుమానం ఎండలో గంటల తరబడి పని మీద, ఒంట్లో నీరు ఆరిపోవడం మీద. మా దగ్గరా అదే పెద్ద కారణమైతే, వంటింటి కుళాయి మధ్యాహ్నం జీడితోటలో ఉన్న కూలీకి ఏం సాయం చేస్తుంది?

మొదట్లో ఏ నొప్పీ ఉండదు. కాళ్ల వాపు వచ్చి ఆసుపత్రికి వెళ్లేసరికి రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, బాగా పెరిగిపోయి ఉంటుంది. అందుకే ఊరూరా ఏటా రక్తపరీక్షలు ముందు అడగాలంటాను.

మర్రిగూడ వాసి:
కారణం తెలిసినంత మాత్రాన మాకు ఒరిగిందేమీ లేదమ్మా. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, 'నల్గొండ టెక్నిక్' అని. అది కనిపెట్టాక కూడా దశాబ్దాలు అవే బోర్ల నీళ్లు తాగాం. 2003లో ఫ్లోరోసిస్‌తో ఒళ్లు వంకర్లు పోయిన మా అంశాల స్వామిని ప్రధాని వాజపేయి ముందుకు తీసుకెళ్లి చూపించాల్సి వచ్చింది. నీళ్ల కోసం గట్టిగా పోరాడితేనే కదిలారు. మీరు "ముందు పరీక్షలు" అంటే, నీళ్లు ఇవ్వాల్సినవాళ్లకు అదే సాకు దొరుకుతుంది.

డయాలసిస్ టెక్నీషియన్, టెక్కలి:
2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అంతకుముందు విశాఖ దాకా పరుగెత్తినవాళ్లకు అది పెద్ద ఊరట. కానీ డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఇంట్లో ఇంకొకరి కూలీ కూడా పోతుంది. పింఛను ఇస్తున్నారు గానీ అది క్రియాటినిన్ బాగా పెరిగాకే. జబ్బు మొదట్లో ఉన్నవాడికి ఏమీ రాదు, వాడు మళ్లీ ఎండలోకే పోతాడు. ఒళ్లునొప్పులకు ఆర్ఎంపీ దగ్గర నొప్పి బిళ్లలు మింగుతాడు. ఉన్న కిడ్నీని అవి ఇంకా దెబ్బతీస్తాయి. ఈ ఒక్కటి ఆపడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు.

కవిటి కోడలు:
టెక్నీషియన్ గారు చెప్పిందే నా బాధ. సాయమంతా కిడ్నీ పోయాక మొదలవుతోంది.

అన్నా, సాకు మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ వంశధార నీళ్లు పనిచేశాయో లేదో రేపు ఎలా తెలుస్తుంది? మీ దగ్గర పిల్లల పళ్లు చూస్తే తెలిసిపోతుంది. మా దగ్గర అవే మనుషుల క్రియాటినిన్ ఏటా రాసిపెడితే తప్ప తెలియదు. ఆ లెక్క లేకపోతే, పదేళ్లకు ఎవరో లేచి ఉద్దానంలో సమస్యే లేదని ప్రకటించినా కాదనడానికి మన చేతిలో కాగితం ఉండదు. మీ జిల్లాలోనూ 'పీడిత ఆవాసాలు లేవు' అన్న లెక్కలో నడుము వంగిన పాతవాళ్లు లేరు కదా? నీళ్లు వచ్చినా స్వామి గారి ఒళ్లు బాగుపడలేదు. 2023 జనవరిలో పోయారు.

మర్రిగూడ వాసి:
అది కాదనలేను. పాతవాళ్లను మావాళ్లూ మరిచిపోయారు. అయినా నీళ్లు ముందా పరీక్షలు ముందా అంటే నేను నీళ్ల వైపే. రెండూ ఒకే అర్జీలో పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. తోటల్లో పనిచేసేవాళ్లకు నీడ, తాగునీళ్లు, ఎండ తగ్గాక పని అనే మాట కూడా అందులో రాయండి. దానికి కోట్లేమీ అక్కర్లేదు, తోట యజమానులు ఈ ఎండాకాలం నుంచే మొదలుపెట్టొచ్చు.