వేసవి శిబిరంలో నేర్చిన పనులు ఇంటికొచ్చాక నిలుస్తున్నాయా? మీ అనుభవాలు చెప్పండి

నెమలిపింఛం

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఆటిజం ఉంది. కంప్యూటర్ విడిభాగాలు తెచ్చి తానే బిగించుకోగలడు కానీ, స్నానాల గదిలో షాంపూ సీసా ఖాళీ అయితే ఆ సంగతి ఎవరికీ చెప్పడు, కొత్తది కావాలని అడగడు. నేను గమనించి మార్చేదాకా రోజుల తరబడి ఉత్త నీళ్లతోనే తల తడుపుకొని వస్తాడు. వాడికి తెలివి లేక కాదు, ఇన్నేళ్లూ ఆ సీసా ఖాళీ అయిందో లేదో చూసుకునే పని నాదే అయింది కాబట్టి అలా జరుగుతోందని ఈ మధ్యే అర్థం చేసుకున్నాను.

18 నుంచి 25 ఏళ్ల వయసు న్యూరోడైవర్స్ (ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటివి ఉండి మెదడు వేరే తీరులో పనిచేసే) యువతీయువకులకు స్వతంత్ర జీవన నైపుణ్యాలు నేర్పే నాలుగు వారాల వేసవి శిబిరం ఒకటి మా దృష్టికి వచ్చింది. అక్కడే ఉండి నేర్చుకోవాలి. బట్టలు ఉతుక్కోవడం, వంట, బస్సు ప్రయాణం, డబ్బు లెక్క, సమయపాలన, ఇవన్నీ ఉన్నాయంటున్నారు. నా భయం ఒక్కటే. నాలుగు వారాలు అక్కడ చేసి, ఇంటికొచ్చిన మర్నాటి నుంచి మళ్లీ నా మొహం చూస్తూ నిలబడితే? పిల్లలను పంపినవారు, స్వయంగా వెళ్లినవారు, అలాంటి చోట పనిచేసినవారు ఉన్నది ఉన్నట్టు రాస్తే మాకు మేలు చేసినవారవుతారు.

పాతమిత్రుడు

మీ భయం నిజమైనదే, ఎందుకంటే మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. మా అమ్మాయికి అప్పుడు 20 ఏళ్లు. ఆరు వారాలు శిబిరంలో ఉంది. వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసి, సబ్బుపొడి కొలిచి పోసి, మీట నొక్కి, ఆరేసే దాకా ఎవరి సాయమూ లేకుండా చేస్తున్న వీడియోను వాళ్లు పంపినప్పుడు మేమిద్దరం దాన్ని ఎన్నిసార్లు చూసుకున్నామో లెక్కలేదు. ఇంటికి వచ్చాక మా మెషీన్ ముందు అరగంట నిలబడి, ఏమీ చేయకుండానే గదిలోకి వెళ్లిపోయింది. మరిచిపోయిందేమో అనుకున్నాం. కొన్నాళ్లకు గాని అసలు విషయం తట్టలేదు. అక్కడి మెషీన్‌కు తలుపు ముందువైపు ఉంటుంది, మాది పైనుంచి తెరుచుకుంటుంది, మీటల మీది గుర్తులు కూడా వేరు. తను నేర్చుకున్నది ఆ మెషీన్‌ను నడపడమే, బట్టలు ఉతకడం కాదు.

దీని గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు 1977లో స్టోక్స్, బేర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు రాసిన వ్యాసం ఒకటి తెలిసింది. ఒకచోట నేర్పి, ఇక అన్నిచోట్లా అదే వస్తుందని ఆశపడి కూర్చోవడం చాలామంది చేసే పొరపాటని, ఒకచోటి నుంచి మరోచోటికి నైపుణ్యం దాటాలంటే ఆ దాటడాన్ని కూడా నేర్పాలని వాళ్లు అందులో వాదించారు. ఆ మాట నాకు ముందే తెలిసి ఉంటే శిబిరం వాళ్లను అడగవలసింది వేరేగా అడిగేవాణ్ణి. ఏమేం నేర్పుతారని కాకుండా, ఒక్కో పనిని ఎన్ని రకాల పరికరాల మీద, ఎన్ని చోట్ల, ఎంతమంది మనుషులతో చేయిస్తారని, చివరి రోజుల్లో ఒకసారైనా ఇంటికి వచ్చి ఇక్కడి వస్తువులతో చేయించి చూస్తారా అని అడిగేవాణ్ణి.

తరువాత మేం చేసింది రాస్తాను. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి రాసిన పట్టికను శిబిరం నుంచి తెప్పించుకొని, మా మెషీన్‌కు సరిపోయేలా ఫొటోలతో తిరగరాశాం. మొత్తం 14 మెట్లు వచ్చాయి. మొదటి మెట్టు నుంచి కాకుండా చివరి మెట్టు నుంచి మొదలుపెట్టమని ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు సలహా ఇచ్చారు. అంటే 13 మెట్లు మేం చేసి, ఆఖరి బట్ట ఆరేయడం మాత్రం తనకు వదిలిపెట్టడం, అది చేతికి వచ్చాక దానికి ముందు మెట్టు కూడా తనకే అప్పగించడం. ఇందులోని సుఖమేమిటంటే, ప్రతిసారీ పని తన చేతుల్లోనే పూర్తవుతుంది. ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు మేం ఏ ఊరు వెళ్లినా, ముందు అక్కడి మెషీన్ ఫొటో తీసుకొని తన పట్టికను తానే మార్చుకుంటుంది. ఆ మార్చుకోవడమే నా దృష్టిలో అసలైన నైపుణ్యం.

సహాయకురాలు

నేను ఆరు వేసవులు ఇలాంటి శిబిరాల్లో పనిచేశాను, కాబట్టి లోపలి సంగతి చెబుతాను. ఏ శిబిరం గుణమైనా తెలుసుకోవడానికి నాకు తెలిసిన ఒకే ఒక్క గట్టి ప్రశ్న ఉంది: మీరిచ్చే సాయాన్ని ఎలా తగ్గిస్తారు, తగ్గుతోందని ఎక్కడ రాసిపెడతారు? సాయం చేయడం ఎవరికైనా వస్తుంది, దాన్ని వెనక్కి తీసుకోవడమే కష్టం.

నా మొదటి ఏడాది తప్పునే ఉదాహరణగా చెబుతాను. ఒక యువకుడికి బస్సు ఎక్కడం నేర్పుతున్నాను. సరైన బస్సు రాగానే నేను తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసేదాన్ని. మూడు వారాల్లో అతను ఒక్కసారి కూడా తప్పు బస్సు ఎక్కలేదని అందరం సంతోషించాం. ఒకరోజు నా బదులు వేరొకరు వెళ్లి కదలకుండా నిలబడేసరికి, ఎక్కవలసిన బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయాయి. అతను ఇన్నాళ్లూ బస్సు నంబరును కాదు, నా కాలిని చదువుతున్నాడన్న సంగతి అప్పుడు తెలిసింది. నోటిమాటతో ఇచ్చే సూచన కూడా ఇలాంటిదే, 'తరువాత ఏంటి?' అని మనం అనే ఆ ఒక్క మాట కూడా పనిలో ఒక మెట్టుగా అతుక్కుపోతుంది, ఆ మాట వినిపించకపోతే పని ఆగిపోతుంది.

బొమ్మల పట్టిక, ఫోన్‌లో అలారం, గోడ మీద రాసిన వరుస, ఇవి అలాంటివి కావు. మనిషి పక్కన లేకపోయినా ఉంటాయి, వాటిని వాడేది ఆ యువకుడే. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1970ల మొదట్లో ఎరిక్ షాప్లర్, ఆయన సహచరులు ఆటిజం ఉన్నవారి కోసం రూపొందించిన టీచ్ (TEACCH) అనే బోధన పద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తుంది: ఏ పని చేయాలి, ఎంత చేయాలి, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, తరువాత ఏమిటి, ఈ నాలుగింటికీ జవాబు కంటికి కనబడేలా ఉంటే పక్కన మనిషి అక్కర్లేదు. పట్టికను కూడా ఎప్పుడో ఒకప్పుడు మానిపించాలని పట్టుబట్టే తల్లిదండ్రులను చూశాను. దయచేసి అలా చేయకండి. మనలో ఎంతమంది క్యాలెండర్ లేకుండా బతుకుతున్నాం?

ఇంకొక మాట. బస్సు తప్పిపోనివ్వండి. 1972లో రాబర్ట్ పెర్స్కే అనే ఆయన, ప్రమాదానికి ఎదురుపడే అవకాశమే లేకుండా కాపాడటం మనిషి గౌరవాన్ని తీసేయడమేనని రాశారు. మేం బస్సు తప్పించే రోజులను ముందుగానే పథకంలో పెట్టుకునేవాళ్లం. యువకుడి జేబులో చిరునామా కార్డు, ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం ఉండేవి, మా మనిషి కనబడనంత దూరంలో ఉండేవారు. తప్పిపోయిన బస్సు తరువాత ఏం చేయాలో తెలిసినవాడికే బస్సు ప్రయాణం వచ్చినట్టు లెక్క.

రెండోదారి

నాకు 24 ఏళ్లు, ఆటిజం ఉంది, రెండు శిబిరాలకు వెళ్లాను. తల్లిదండ్రులు, సిబ్బంది రాశారు కాబట్టి వెళ్లినవాడి మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

మొదటి శిబిరంలో ఉదయం ఆరున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా నా రోజును వేరేవాళ్లు నింపేశారు. స్వతంత్రత నేర్పే చోట నేను సొంతంగా నిర్ణయించుకున్నది ఒక్కటీ లేదు. కరచాలనం చేస్తూ ఎదుటివారి కళ్లలోకి చూడడం రోజూ సాధన చేయించారు. నా శక్తి అంతా మామూలుగా కనబడటానికే ఖర్చయిపోయింది, బట్టలు మడతపెట్టడం నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇంటికి వచ్చి చాలా రోజులు గది దాటలేదు.

రెండోచోట మొదటి రోజే అడిగారు: ఇక్కడి నుంచి వెళ్లేలోపు ఏ ఒక్క పని నువ్వు ఒంటరిగా చేయగలగాలని కోరుకుంటున్నావు? జవాబుకు మూడు రోజులు గడువిచ్చారు. డాక్టరు దగ్గరకు ఒంటరిగా వెళ్లి నొప్పి గురించి చెప్పగలగాలి అన్నాను. నాకు ఆకలి, నొప్పి, జ్వరం లోపలి నుంచి స్పష్టంగా తెలియవు. అడిగితే ఏం చెప్పాలో తోచక 'బాగానే ఉంది' అనేస్తాను. అందుకని ముందురోజే కాగితం మీద రాసుకోవడం, శరీరం బొమ్మ మీద చోటు గుర్తుపెట్టడం, ఆ కాగితాన్ని నేరుగా డాక్టరు చేతికి ఇవ్వడం సాధన చేశాం. ఈ రోజుకీ అలాగే చేస్తున్నాను. వాళ్లు నాకు నేర్పింది ఆ ఒక్కటే అయినా, నా బతుకులో దాని విలువ చాలా పెద్దది.

స్వతంత్రత అంటే అన్నీ ఒంటరిగా చేసుకోవడమని ఇక్కడ చాలామంది అనుకుంటున్నట్టుంది. 1972లో అమెరికాలోని బెర్క్‌లీలో వికలాంగుల కోసం స్వతంత్ర జీవన కేంద్రాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడైన ఎడ్ రాబర్ట్స్‌కు పోలియో వల్ల మెడ కింద కదలికే దాదాపు లేదు, ఊపిరికి కూడా యంత్రం కావలసివచ్చేది, రోజువారీ పనులన్నిటికీ సహాయకులు ఉండేవారు. అయినా తన జీవితాన్ని తానే నడుపుకున్నారు, ఎందుకంటే ఏది, ఎప్పుడు, ఎలా జరగాలో చెప్పేది ఆయనే. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 19వ అధికరణం కూడా, ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు గురించీ, అందుకు కావలసిన సాయం గురించీ ఒకేచోట మాట్లాడుతుంది. కాబట్టి నెమలిపింఛం గారూ, అబ్బాయి వెళ్లాలనుకుంటున్నాడా అన్న ప్రశ్న మీ టపాలో లేదు. దాన్ని ముందు అడగండి. నోటితో అడిగి వెంటనే జవాబు ఆశించకండి. రాసి ఇవ్వండి, ఫొటోలు చూపించండి, వద్దంటే అది కూడా జవాబేనని ముందే చెప్పండి.

నెమ్మదిగా

మా అబ్బాయిని తొమ్మిదో రోజున వెనక్కి తీసుకొచ్చాం. అందుకే ఇది రాయాలనిపించింది. వాడికి 20 ఏళ్లు, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, పని మొదలుపెట్టడం కష్టమయ్యే స్థితి)తో పాటు మూర్ఛ కూడా ఉంది. 'మందుల బాధ్యత కూడా యువకులదే' అన్నది ఆ శిబిరం నియమమని వాడు చేరిన తరువాతే మాకు తెలిసింది. సొంతంగా మందు వేసుకోవడం మంచి లక్ష్యమే, కానీ దాన్ని మొదటి రోజునే, నిద్ర కూడా కుదరని కొత్తచోట, ఎవరూ చూడకుండా అప్పగించకూడదు. మూర్ఛ ఉన్నవారికి ఒక పూట మందు తప్పినా, నిద్ర తక్కువైనా మూర్ఛ రావచ్చు. మొదటి వారం ఇంటికి ఫోన్ చేయనివ్వలేదు, అలవాటు పడాలన్నారు. గది బయటి దీపం రాత్రంతా వెలుగుతూ ఉండేదని, వాడు సరిగా నిద్రపోలేదని తరువాత తెలిసింది.

దీని వల్ల శిబిరాలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. రాత్రిపూట ఎవరు మెలకువగా ఉంటారు, మందు ఎవరి చేతిలో ఉంటుంది, ఆ బాధ్యత ఏ దశలో ఎవరి ఒప్పుదలతో మారుతుంది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. సిబ్బందిని ఎలా పరిశీలించి నియమిస్తారో, శరీరానికి సంబంధించిన హద్దుల గురించి నేర్పుతారో లేదో, ఏదైనా జరిగితే మన బిడ్డ ఎవరికి, ఏ విధంగా చెప్పుకోగలడో మొహమాటపడకుండా అడగండి. ఫోన్ చేయనివ్వని చోట ఆ చివరి ప్రశ్నకు జవాబు ఉండదు.

ఏడీహెచ్‌డీ విషయంలో ఒక తేడా కూడా గమనించాలి. మావాడికి మెట్లన్నీ కంఠతా వచ్చు. మొదలుపెట్టడమే రాదు. ఏం చేయాలో తెలియకపోవడం కాదు, తెలిసినదాన్ని ఆ క్షణంలో చేయలేకపోవడమే అసలు ఇబ్బంది అని ఏడీహెచ్‌డీ మీద పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త రసెల్ బార్క్లీ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. కాబట్టి వాడికి పాఠాలు దండగ. పని జరిగే చోటనే, జరగవలసిన సమయానికే ఆసరా ఉండాలి. మిగిలిన వేసవిలో ఇంట్లో ఒకే ఒక్క పని పెట్టుకున్నాం: మందుల డబ్బాను వారానికోసారి నింపుకోవడం, వారం రోజుల మందు మిగిలి ఉండగానే కొత్తది తెచ్చుకోవడం. డబ్బా వాడి కీబోర్డు మీదే పెట్టాం, తీస్తే గాని టైపు చేయలేడు. మొదట్లో నింపుతున్నప్పుడు నేను పక్కన కూర్చునేదాన్ని, తరువాత నింపాక చూసేదాన్ని, ఇప్పుడు నెలకోసారి చూస్తున్నాను.

నెమలిపింఛం

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రెండోదారి గారు చెప్పినట్టే వాడికి ప్రశ్న రాసి ఇచ్చాను. రెండు రోజుల తరువాత పక్క గది నుంచి మెసేజ్ పెట్టాడు. స్నానాల గదికి లోపల గడియ ఉంటుందా, గదిలో ఇంకెవరైనా ఉంటారా, ఉదయం ఎవరైనా తలుపు కొట్టి లేపుతారా అని మూడు ప్రశ్నలు అడిగాడు. కింద ఇంకో వాక్యం ఉంది: ఒక రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండాలని ఉంది. వాడికి ఇలాంటి కోరిక ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు, నేనెప్పుడూ అడగలేదు.

శిబిరం వాళ్లకు ఉత్తరం రాశాను. వాడి మూడు ప్రశ్నలకూ చక్కగా జవాబిచ్చారు. సాయాన్ని ఎలా తగ్గిస్తారన్నదానికి మాత్రం 'ప్రతి ఒక్కరి అవసరాన్ని బట్టి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వచ్చే వారం వాణ్ణి తీసుకొని ఆ చోటు చూడటానికి వెళుతున్నాం, అక్కడ రికార్డు పుస్తకం చూపించమని అడుగుతాను. షాంపూ సీసాకు అడుగున ఒక గీత గీసి, గీత కనబడితే గోడమీది పట్టికలో టిక్కు పెట్టాలని చెప్పాను. నిన్నటికి సీసా ఖాళీ అయింది, టిక్కు పడలేదు, నేనూ మార్చలేదు.

పాతమిత్రుడు

మార్చకండి. మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన మెట్టు మాదే. అమ్మాయి బట్టలు ఉతికే సమయానికి నా భార్య చెప్పులేసుకొని బయటికి నడిచి వచ్చేది, ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు కాబట్టి.

రెండోదారి

ఒంటరి రాత్రి గురించి: మా అమ్మ మొదట రెండు గంటలు బయటికి వెళ్లింది, తరువాత ఒక సాయంత్రం, ఆ తరువాత అర్ధరాత్రి దాకా. కరెంటు పోతే ఏం చేయాలి, ఎవరైనా తలుపు కొడితే ఏం చేయాలి అన్నవి నేనే రాసి తలుపు లోపలివైపు అతికించుకున్నాను. తనకు నేను రాత్రి పదింటికి ఒక మెసేజ్, ఉదయం ఎనిమిదింటికి ఒకటి పెట్టాలని ఒప్పందం, మధ్యలో తను ఫోన్ చేయకూడదని కూడా. మీ అబ్బాయికి ఇష్టమైతే నా పట్టికను ఇక్కడే పెడతాను, తనకు తగ్గట్టు మార్చుకోవచ్చు.