సమస్యాపూరణం: "రాజు లేని చోట రాజు గలఁడు"

పృచ్ఛకులు (అమలాపురం):
ఆటవెలది నాలుగవ పాదంగా ఈ సమస్యను ఇస్తున్నాను. రాజంటే చంద్రుడనో, క్షత్రియుడనో శ్లేషతో గట్టెక్కడం సులువు కనుక ఆ దారి మూసివేస్తున్నాను. ఏదో ఒక దేశపు పరిపాలనా విధానంతోనే విరోధాన్ని పరిహరించాలి. పద్యంలో చెప్పిన విషయం నిజమై ఉండాలి.

పూరణ (రాజోలు):
కెనడ దేశమందుఁ గెలుపెవ్వరిది యైన
గద్దె చార్లెసునకుఁ గాగితమున;
లండనందు నుండి లాంఛనముగ నేలు
రాజు లేని చోట రాజు గలఁడు.

పృచ్ఛకులు:
"కాగితమున" అన్నది సొగసైన మాట. అక్కడ బిల్లులకు రాజు పేరు మీద గవర్నర్ జనరల్ ఆమోదం తెలిపినా, నిర్ణయాలు దిగువ సభ విశ్వాసం పొందిన ప్రధానివే. అయితే "లండనందు నుండి" అనేసరికి పాత వలసపాలన స్ఫురిస్తున్నది. కెనడా వంటి దేశాలకు సొంతంగా చట్టాలు చేసుకునే హక్కునిచ్చిన 1931 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ శాసనం తరువాత ఆయన అక్కడ ఏలుతున్నది కెనడా రాజుగానే తప్ప బ్రిటన్ రాజుగా కాదు. మూడవ పాదాన్ని మరొకసారి చూడండి.

పూరణ (యానాం):
ఫ్రెంచి ప్రజల యోటఁ బీఠమ్ము నెక్కిన
నేత యండొరాకు నృపతి గాదె!
తలను గొట్టి రాజుఁ దండించు నేలలో
రాజు లేని చోట రాజు గలఁడు.

పృచ్ఛకులు:
భళా! 1793లో పదహారవ లూయీని గిలొటిన్ ఎక్కించిన దేశంలో, ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు స్పెయిన్‌లోని ఉర్జెల్ బిషప్పుతో కలిసి ఫ్రాన్సు, స్పెయిన్‌ల నడుమనున్న చిన్న దేశమైన ఆండొర్రాకు సహప్రభువు కావడం కన్నా ఈ సమస్యకు తగిన పరిష్కారం నాకు తోచడం లేదు. 1278 నాటి ఒడంబడికతో మొదలైన ఆ జంట ప్రభుత్వాన్ని 1993 రాజ్యాంగం కూడా నిలిపి ఉంచింది. 1954 దాకా గౌతమీ తీరంలోని మీ యానాం ఏ దేశపు ఏలుబడిలో ఉండేదో ఆ ఫ్రాన్సు అధ్యక్షుడే అక్కడ ప్రభువు కావడం వల్ల, ఈ పూరణ మీ ఊరి నుంచి రావడం మరింత ముచ్చటగా ఉంది. గణాల కోసం ఆండొర్రాను కుదించారు; అన్యదేశ్యం కనుక ఆక్షేపించను.

పూరణ (పాలకొల్లు):
స్విస్సు దేశమందు సింహాసనము లేక
యేడుగురును గూడి యేలుచుండఁ
బ్రజల చేతి యోటె పట్టాభిషేకమ్ము
రాజు లేని చోట రాజు గలఁడు.

పృచ్ఛకులు:
అమ్మా, ధార బాగుంది. ఆ ఏడుగురిలో ఒకరు ఏడాదిపాటు అధ్యక్షులుగా ఉన్నా తక్కినవారి మీద అధికారం ఉండదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని వంద రోజులలో 50,000 సంతకాలు సేకరించి ప్రజలు ఓటుకు రప్పించవచ్చు. కాని "ప్రజల" బహువచనం, "రాజు" ఏకవచనం. మూడవ పాదాన్ని "బౌరుఁ డెత్తు చేయి పట్టాభిషేకమ్ము" అని సవరిస్తే, గ్లారస్, అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ రాష్ట్రాలలో పౌరులు ఏటా బహిరంగ సభలో నిలబడి చేతులెత్తి తీర్మానించే పద్ధతి కూడా పద్యంలోకి వస్తుంది.

పాలకొల్లు:
గురువుగారూ, మీ పాదం నా పాదం కన్నా అందంగా ఉంది. అయినా మీరు చెప్పిన అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్‌లోనే స్త్రీలకు ఆ చేయి ఎత్తే హక్కు 1990లో దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెబితేగాని దక్కలేదు. దేశస్థాయి ఎన్నికలలో సైతం వారికి ఓటు వచ్చింది 1971లోనే. అటువంటి చోట "పౌరుఁడు" అని వ్రాయడానికి నాకు మనసొప్పడం లేదు. "ప్రజల" అన్నదే ఉండనివ్వండి.

పృచ్ఛకులు:
న్యాయమైన మాట. ప్రజలను సమష్టిగా ఒక్క రాజుగా భావిస్తే వచనదోషమూ తొలగుతుంది కనుక, నా సవరణను ఉపసంహరించుకుని మీ పాఠాన్నే ఖాయం చేస్తున్నాను.