స్లాలమ్‌లో నాలుగో కోన్ దగ్గర కారు వెనుక భాగం ఎందుకు జారుతోంది?

ప్రశ్న:
గత నెలలో మొదటిసారి ఒక ఆటోక్రాస్‌లో (కోన్లతో గుర్తించిన దారిలో తక్కువ సమయం కోసం కారు నడిపే పోటీ) పాల్గొన్నాను. 18 మీటర్లకు ఒకటి చొప్పున నిలిపిన ఆరు కోన్లను కుడి ఎడమలుగా దాటుకుంటూ వెళ్ళాలి (దీన్నే స్లాలమ్ అంటారు). నాది ముందు చక్రాలకు శక్తి అందే మామూలు హ్యాచ్‌బ్యాక్. మొదటి రెండు కోన్లు సాఫీగానే దాటాను కానీ, మూడోదాని దగ్గర స్టీరింగ్ తిప్పడం ఆలస్యమై, నాలుగోదాని దగ్గర యాక్సిలరేటర్ వదిలేసరికి కారు వెనుక భాగం పక్కకు జారింది. నాలుగు ప్రయత్నాలలోనూ ఇదే జరిగింది. వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటలేదు. కారణమేమిటో వివరించగలరా?

జవాబు 1:
ఆ దారిలో 50 తక్కువ వేగం కాదండీ. కారు వెళ్ళే దారిని సైన్ తరంగంగా భావిస్తే, దాని మీద పడే పార్శ్వ (పక్కవైపు) త్వరణం వేగపు వర్గానికీ, కోన్ల వరుస నుంచి కారు పక్కకు జరిగే దూరానికీ అనులోమానుపాతంలోనూ, కోన్ల మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. గుణకం π (పై) విలువ వర్గం, అంటే సుమారు 9.87. కారు మధ్యభాగం వరుసకు 1.2 మీటర్ల దూరంలో వెళితే మీ వేగానికి త్వరణం దాదాపు 7 మీ/సె² అవుతుంది. అదే 1.5 మీటర్లయితే 8.8 అవుతుంది. పొడి తారు మీద మామూలు టైర్ల పట్టు 8, 9 దగ్గరే ముగిసిపోతుంది కనుక, కోన్‌కు జానెడు దూరం ఎక్కువ జరిగినా మిగులు పట్టు మొత్తం ఖర్చయిపోతుంది. కొత్తవారు కోన్ తగులుతుందనే భయంతో దూరంగా వెళతారు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

జవాబు 2:
పై లెక్క సరైనదే, అయితే మీ విషయంలో కాలం ఇంకా ముఖ్యమని నాకనిపిస్తోంది. ఆ వేగంతో ఒక కోన్ నుంచి మరో కోన్‌కు 1.3 సెకన్లే పడుతుంది. స్టీరింగ్ తిప్పగానే కారు తిరగదు: ముందు టైర్లు పార్శ్వ బలాన్ని కూడగట్టుకోవాలి, ఆ బలం కారు జడత్వ భ్రామకాన్ని (తిరగడాన్ని అడ్డుకునే గుణాన్ని) అధిగమించి దానిని తిప్పాలి, ఆపైన వెనుక టైర్లు అందుకోవాలి, ఈలోగా బాడీ ఒక వైపు నుంచి మరో వైపుకు ఒరగాలి. ఒక కోన్ దగ్గర ఆలస్యమైతే తరువాతిదానికి మరింత ఎక్కువగా తిప్పాల్సి వస్తుంది, ఊపు ఊయలలా పెరుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందు చక్రాల మీదికి వెళ్ళి, వెనుక టైర్లు తేలికై పట్టు వదిలేస్తాయి. మొదటి కోన్‌కు 45తో వెళ్ళి, యాక్సిలరేటర్‌ను స్థిరంగా ఉంచి, కోన్ పక్కకు చేరేసరికి కారు ముక్కు తరువాతి కోన్ వైపు తిరుగుతూ ఉండేలా ముందుగానే స్టీరింగ్ తిప్పి చూడండి. చూపు ఎప్పుడూ రెండు కోన్ల ముందు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. నేను దగ్గరి కోన్‌నే చూస్తూ వెళ్ళాననేది ఇప్పుడు అర్థమైంది. ఈఎస్‌పీ (కారు జారినప్పుడు తనంతట తానే చక్రాలకు బ్రేకు వేసే వ్యవస్థ) ఆపివేస్తే సమయం తగ్గుతుందా?

జవాబు 3:
ఇప్పుడే వద్దండీ. వెనుక భాగం జారినప్పుడు ఈఎస్‌పీ బయటివైపు ముందు చక్రానికి బ్రేకు వేసి కారును నిలబెడుతుంది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక జరిపిన పరీక్షలో, వెంటవెంటనే రెండు వైపులకూ తిప్పినందుకు మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడింది. ఆ తరువాతే ఆ కారుకు ఈఎస్‌పీని తప్పనిసరిగా అమర్చారు. మీ నాలుగో కోన్ దగ్గర జరుగుతున్నదీ అదే ఎదురు ఊపు.