అప్‌డేట్: పగటిపూట దొంగతనం బర్గ్లరీ అవుతుందా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది

అమెరికాలో బార్ పరీక్షకు (లాయరు లైసెన్స్ పరీక్ష) చదువుతున్నాను. పగలు, బార్లా తెరిచి ఉన్న తలుపులోంచి ఎవరైనా లోపలికొచ్చి నగలు ఎత్తుకెళితే కామన్ లా (పాత ఇంగ్లిష్ కోర్టు తీర్పుల నుంచి వచ్చిన చట్టం) ప్రకారం బర్గ్లరీయేనా అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్, టెన్షన్ తీరింది.

కాదు. అది లార్సెనీ, అంటే దొంగతనం మాత్రమే. బర్గ్లరీ కావాలంటే రాత్రివేళ, మరొకరు కాపురముండే ఇంట్లోకి, దారి చేసుకుని, లోపల ఫెలనీ (దొంగతనం లాంటి తీవ్ర నేరం) చేసే ఉద్దేశంతోనే ప్రవేశించాలి. తాళం పగలగొట్టనక్కర్లేదు. దగ్గరకు వేసిన తలుపు నెట్టినా చాలు.

రాత్రికి పెట్టిన కొలత నాకు చాలా నచ్చింది. మనిషి ముఖం ఆనవాలు పట్టేంత పగటి వెలుగు లేనప్పుడే రాత్రి. వెన్నెల లెక్కలోకి రాదు, లేకపోతే పున్నమి దొంగలందరూ తప్పించుకునేవారు! మన భారతీయ న్యాయ సంహితలో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు అని సూటిగా ఉంది.

ఆర్సన్‌కూ (ఇంటికి నిప్పుపెట్టే నేరం) కామన్ లాలో ఇలాంటి పట్టింపే. మరొకరి ఇంటి కట్టడం కొంతైనా కాలాలి, పొగచూరితే సరిపోదు.

ఇంగ్లండ్‌లో మాత్రం 1968 థెఫ్ట్ యాక్ట్‌తో రాత్రి షరతు పోయింది. నేనడిగిన దొంగ అక్కడ ఇప్పుడు బర్గ్లరీ కిందే దొరుకుతాడు.